రేవు గోడ చాటున తెరచాపల బడి
నూరేళ్లు దాటిన మద్రాసు యాట్ క్లబ్ చరిత్ర

సూళ్లూరుపేట: చెన్నై నౌకాశ్రయం అనగానే కంటైనర్ల గుట్టలు, ఎత్తయిన క్రేన్లు, దేశదేశాల సరుకు ఓడలు గుర్తుకు వస్తాయి. ఆ రద్దీ నడుమనే స్ప్రింగ్‌హేవెన్ వార్ఫ్ అనే చిన్న రేవు ఉంది. ఇంజను లేకుండా, గాలి బలంతోనే నడిచే తేలికపాటి తెరచాప పడవలకు అది నెలవు. రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ కార్యస్థానం అక్కడే. 1911లో, కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజుల్లో, ఆ క్లబ్ ఏర్పాటైంది. దేశంలోని పాత తెరచాప క్లబ్బుల్లో ఒకటిగా దానికి పేరుంది.

సూళ్లూరుపేటకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ క్లబ్ చరిత్రను సంపన్నుల విలాసంగా మాత్రమే చూస్తే అసలు విషయం మరుగున పడుతుంది. సహజమైన రేవు లేని తీరంలో ప్రశాంతమైన నీరు ఎలా ఏర్పడింది, ఆ నీటిలోకి దిగే అవకాశం మొదట ఎవరికి దక్కింది, తర్వాత ఎవరెవరికి అందింది అన్నదే ఆ చరిత్రలోని ప్రధానాంశం. పులికాట్ నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంట బతుకుతున్న తెలుగువారికి ఈ ప్రశ్నలు పరాయివి కావు.

పులికాట్ కోట కట్టినవారి మాట

'యాట్' అన్నది డచ్చి భాష నుంచి ఇంగ్లిషులోకి వచ్చిన మాట. వేట అనే అర్థమిచ్చే 'యాఖ్త్' అనే పదం దీనికి మూలం. శత్రువులను, దొంగలను వెంటాడడానికి వాడిన తేలికైన, వేగం గల ఓడలను డచ్చివారు ఆ పేరుతో పిలిచారు. పదిహేడో శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ నౌకాబలగంలో యాట్ అనే ఒక తరగతి ఓడలు ఉండేవి. ఆ కంపెనీయే 1613లో పులికాట్‌లో గెల్డ్రియా కోటను నిర్మించింది. 1690లో నాగపట్నానికి తరలిపోయేంత వరకు కోరమాండల్ తీరంలో దానికి ప్రధాన స్థావరం పులికాటే.

1660లో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ తిరిగి సింహాసనం ఎక్కినప్పుడు డచ్చివారు ఆయనకు 'మేరీ' అనే యాట్‌ను బహూకరించారు. మరుసటి ఏడాది ఆయన తన సోదరునితో థేమ్స్ నదిపై పందెం వేసి యాట్ నడిపారు. అంతటితో వర్తక, యుద్ధ అవసరాల ఓడ కాస్తా రాచవినోదంగా మారింది. 1720లో ఐర్లండులోని కార్క్ రేవులో ఏర్పడిన వాటర్ క్లబ్‌ను ప్రపంచంలోని మొట్టమొదటి యాట్ క్లబ్‌గా పరిగణిస్తారు.

బోట్ క్లబ్‌కు, యాట్ క్లబ్‌కు మధ్య ఉన్న తేడాను కూడా ఇక్కడ గమనించాలి. 1867లో ఏర్పడి అడయారు ఒడ్డున కొనసాగుతున్న మద్రాస్ బోట్ క్లబ్ తెడ్లు వేసే పడవలది. యాట్ క్లబ్ తెరచాపలది. మొదటిదానికి నిలకడైన నీరుంటే చాలు. రెండోదానికి నిలకడైన నీటితో పాటు నికరమైన గాలి కూడా కావాలి.

రేవు లేని మహానగరం

మద్రాసు పుట్టుకకు ఉమ్మడి నెల్లూరు జిల్లాతో సంబంధం ఉంది. ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1626లో దుగరాజపట్నంలో ఒక వర్తక స్థావరం నెలకొల్పింది. ఇంగ్లిషువారు దానిని ఆర్మగాన్ అని పిలిచారు. అక్కడ వ్యాపారం ఆశించినంతగా సాగకపోవడంతో, స్థావరాధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణంగా మరో చోటు వెదికారు. 1639లో దామెర్ల వెంకటప్ప నాయకుని నుంచి నేటి చెన్నై ప్రాంతంలో కోట కట్టుకునేందుకు అనుమతి పొందారు. నాయకుని తండ్రి చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం వెలసింది.

అలా ఎంచుకున్న తీరానికి సహజమైన రేవు లేదు. దీవి గానీ, సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ గానీ, లోతైన నదీముఖం గానీ అక్కడ లేవు. పెద్ద ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసుకునేవి. ఓడకు, ఒడ్డుకు మధ్య ఉవ్వెత్తున విరుచుకుపడే కెరటాలను దాటించే పని స్థానిక పడవవారిదే. ఇందుకు వాడిన మసూలా పడవలను మేకులు కొట్టి కట్టేవారు కారు. పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టేవారు. మేకులతో బిగించిన పడవ కెరటం తాకిడికి పగిలిపోయే చోట, కుట్టిన పడవ కొంత వంగి, సాగి దెబ్బను తట్టుకునేది. మసూలా అనే పేరు మచిలీపట్నం నుంచి వచ్చిందన్న వాదన ఉంది.

మసూలా పడవ కూడా వెళ్లలేని పోటులో తెప్పలు వెళ్లేవి. దుంగలను తాళ్లతో కట్టి చేసే ఈ తెప్పను తమిళంలో కట్టుమరం అంటారు. ఇంగ్లిషువారు ఆ మాటను 'కాటమరాన్' అని తమ భాషలో చేర్చుకున్నారు. రెండు సన్నని దేహాలను జతచేసి కట్టే ఆధునిక పందెపు యాట్‌ను నేడు ప్రపంచమంతా ఆ పేరుతోనే పిలుస్తోంది. ఖరీదైన పడవల పేరుగా మారిన ఆ మాట కోరమాండల్ తీరపు మత్స్యకారుల నుంచి వెళ్లిందే.

సముద్రానికి గోడ

మద్రాసుకు కృత్రిమ రేవు నిర్మించే ప్రయత్నం పందొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. 1861లో సముద్రంలోకి ఇనుప వంతెన కట్టారు. 1868, 1872 తుపాన్లకు అది పనికిరాకుండా పోయింది. 1870ల మధ్యలో రెండు పొడవైన రాతి గోడలతో రేవు నిర్మాణం ప్రారంభమైంది. పని దాదాపు పూర్తి కావస్తున్న దశలో, 1881 నవంబరులో వచ్చిన తుపాను ఆ గోడలను ధ్వంసం చేసింది. శిథిలాల మీదనే మళ్లీ కట్టడం ఆరంభించి, 1890ల మధ్యకు ఒక కొలిక్కి తెచ్చారు.

అయినా కష్టాలు తీరలేదు. రేవు ముఖద్వారం తూర్పున, నడి సముద్రానికి ఎదురుగా ఉండడంతో తుపాను కెరటాలు నేరుగా లోపలికి వచ్చేవి. ఓడలు రేవులో కంటే బయట సముద్రంలోనే క్షేమంగా ఉండే పరిస్థితి. దానికి తోడు ఇసుక సమస్య తలెత్తింది.

ఈ తీరంలో ఇసుక ఒక చోట నిలిచి ఉండదు. నైరుతి రుతుపవన కాలంలో దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చే కెరటాలు ఇసుకను ఒడ్డు వెంట ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవన కాలంలో ఈ కదలిక దక్షిణానికి మళ్లుతుంది. మొత్తం మీద ఉత్తరానికి వెళ్లే ఇసుకే ఎక్కువ. రేవు గోడ ఆ ప్రవాహానికి అడ్డు నిలిచింది. దాంతో గోడకు దక్షిణాన ఇసుక పేరుకుపోయి మెరీనా తీరం విశాలమైంది. ఉత్తరానికి వెళ్లవలసిన ఇసుక ఆగిపోవడంతో రాయపురం వైపు సముద్రం ఒడ్డును కోయసాగింది. ఒక కట్టడం పక్కపక్కనే ఉన్న రెండు తీరాలకు ఒకేసారి లాభం, నష్టం ఎలా తెచ్చిపెడుతుందో చెప్పడానికి ఇంజినీర్లు నేటికీ మద్రాసును ఉదాహరణగా చూపుతారు. రేవులు, గోడలు కట్టే ప్రతి తీరంలోనూ ముందుగా పరిశీలించవలసిన అంశం ఇదే.

ఈ చిక్కుముడిని విప్పే బాధ్యత ఐరిష్ ఇంజినీరు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్‌పై పడింది. రైల్వేల్లో దీర్ఘకాలం పనిచేసిన ఆయన, వంతెనల వద్ద నదీ ప్రవాహాన్ని గట్లతో అదుపు చేసే పద్ధతిపై 1903లో ఒక గ్రంథం వెలువరించారు. మరుసటి ఏడాది మద్రాసు రేవు పాలన చేపట్టి, 1919 వరకు ఆ పదవిలో కొనసాగారు. ఆయన హయాంలో తూర్పు ద్వారాన్ని మూసి, ఈశాన్య దిశలో కొత్త ద్వారం తెరిచారు. దానికి రక్షణగా బయటి గోడను పొడిగించారు. 1911 నాటికి ఈ పనులు పూర్తయ్యాయి. రేవు లోపలి నీరు శాంతించింది.

యాట్ క్లబ్ స్థాపన జరిగింది కూడా ఆ ఏడాదే. స్థాపకుడు స్ప్రింగ్. చిన్న తెరచాప పడవను ఒడ్డు నుంచి దించడానికి, తిరిగి చేర్చడానికి ఆశ్రయం తప్పనిసరి. అంతకు ముందు మద్రాసులో ఆ వసతి లేదు. సరుకు ఓడల కోసం ప్రభుత్వం కట్టించిన గోడ చాటునే క్లబ్ ఊపిరి పోసుకుంది. క్లబ్ ఉన్న రేవుకు స్ప్రింగ్‌హేవెన్ అన్న పేరు ఆయన జ్ఞాపకంగా నిలిచింది.

నెల్లూరు కలెక్టరు, రేవు గుమాస్తా

స్ప్రింగ్ పేరు తెరచాపల కంటే గణిత చరిత్రలోనే ఎక్కువగా వినిపిస్తుంది. అందులో నెల్లూరుకూ భాగం ఉంది. ఉద్యోగం లేక ఇబ్బంది పడుతున్న శ్రీనివాస రామానుజన్ 1910 చివర్లో, అప్పటి నెల్లూరు కలెక్టరు, గణిత సంఘం కార్యదర్శి ఆర్. రామచంద్రరావును ఆశ్రయించారు. ఆయన తన సొంత డబ్బు నుంచి నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నారు. ఉచితంగా సొమ్ము తీసుకోవడం ఇష్టం లేని రామానుజన్ 1912 మార్చి 1న మద్రాసు రేవు కార్యాలయంలో నెలకు 30 రూపాయల జీతంపై లెక్కల గుమాస్తాగా చేరారు.

ఆ కార్యాలయానికి అధిపతి స్ప్రింగ్. ఆయన కింద పనిచేస్తున్న గణితజ్ఞుడు ఎస్. నారాయణ అయ్యర్ కొత్త గుమాస్తా ప్రతిభను పైవారి దృష్టికి తెచ్చారు. ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యుడు గ్రిఫిత్ కూడా స్ప్రింగ్‌కు లేఖ రాశారు. రామానుజన్ 1913 జనవరిలో కేంబ్రిడ్జి పండితుడు హార్డీకి పంపిన ప్రసిద్ధ లేఖలో తనను తాను మద్రాసు పోర్టు ట్రస్టు గుమాస్తాగానే పరిచయం చేసుకున్నారు. ఆ ఏడాదే మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనకు నెలకు 75 రూపాయల ఉపకార వేతనం మంజూరు చేసింది. 1914 మార్చి 17న 'నెవాసా' అనే ఓడలో ఆయన ఇంగ్లండుకు బయలుదేరారు. ఓడ ఎక్కింది ఆ రేవులోనే.

అదే ఏడాది సెప్టెంబరు 22 రాత్రి మరో ఓడ మద్రాసు తీరానికి వచ్చింది. జర్మనీ యుద్ధనౌక 'ఎండెన్' అరగంట లోపు వందకు పైగా గుళ్లు కురిపించి, రేవు సమీపంలోని బర్మా చమురు కంపెనీ ట్యాంకులను తగులబెట్టింది. దాడి తర్వాత భయంతో వేలాది మంది పట్నం విడిచి వెళ్లారు. కెరటాలను ఆపగలిగిన గోడ ఫిరంగిని ఆపలేదని ఆ రాత్రి రుజువైంది.

ఎవరి క్లబ్బు?

వలస పాలనలో యాట్ క్లబ్బులు ప్రధానంగా ఐరోపావారివే. అధికారులు, సైనికులు, వర్తక సంస్థల యజమానులు వాటిలో సభ్యులు. పేరుకు ముందు 'రాయల్' అని పెట్టుకోవాలంటే బ్రిటిష్ రాచరికపు అనుమతి కావాలి. 1846లో ఏర్పడిన బొంబాయి యాట్ క్లబ్‌కు 1876లో విక్టోరియా రాణి ఆ హోదా ఇచ్చారు. గేట్‌వే ఆఫ్ ఇండియా సమీపంలో ఉన్న ఆ క్లబ్‌లో భారతీయులకు సభ్యత్వం ఉండేది కాదు. జాతి భేదం లేకుండా అందరినీ చేర్చుకునే క్లబ్ ఉండాలన్న ఉద్దేశంతో, బొంబాయి గవర్నరు విల్లింగ్డన్ 1917లో తన పేరుతో వేరే క్రీడా క్లబ్‌ను ప్రారంభించవలసి వచ్చింది. ఆయనే 1919లో మద్రాసు గవర్నరుగా వచ్చారు.

స్వాతంత్ర్యం తర్వాత ఈ దృశ్యం మారింది. బొంబాయి క్లబ్ తన ప్రధాన భవనాన్ని వదులుకుని, సమీపంలోని వసతి భవనానికి పరిమితమైంది. ఒకప్పుడు భారతీయులకు ప్రవేశం లేని పాత భవనంలో 1949లో హోమీ భాభా నాయకత్వంలోని టాటా పరిశోధన సంస్థ కొలువుదీరింది. ఆ తర్వాత ఆ భవనం అణుశక్తి శాఖ కార్యాలయమైంది. భవనం పోయినా బొంబాయిలో తెరచాపలు ఆగలేదు. నీరు, పడవలు, నేర్పేవారు ఉన్నంత కాలం క్లబ్ నిలుస్తుందనడానికి ఇదొక నిదర్శనం.

1960లో భారత యాటింగ్ సమాఖ్య ఏర్పడడంతో ఈ క్రీడకు జాతీయ స్థాయి నిర్వహణ సమకూరింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో సోలీ కాంట్రాక్టర్, ఎ.ఎ. బాసిత్ జంట భారత్ తరఫున తెరచాప పోటీలో పాల్గొంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో తెరచాప పోటీలను బొంబాయిలో నిర్వహించగా, ఫైర్‌బాల్ తరగతిలో ఫరూఖ్ తారాపూర్, జరీర్ కరంజియా జంట స్వర్ణం సాధించింది.

గాలికి ఎదురు వెళ్లే విద్య

తెరచాప పడవ గాలి వీచే వైపే వెళ్తుందని చాలామంది భావిస్తారు. గాలికి ఎదురుగా కూడా ముందుకు సాగగలగడమే ఈ విద్యలోని కీలకం. గాలికి సూటిగా ఎదురు వెళ్లడం ఏ తెరచాపకూ సాధ్యం కాదు. అయితే గాలి దిశకు సుమారు 45 డిగ్రీల కోణంలో పడవను నిలిపితే, వంపు తిరిగిన తెరచాపకు రెండు వైపులా గాలి ఒత్తిడిలో తేడా వస్తుంది. ఆ తేడా పడవను పక్కకూ ముందుకూ లాగుతుంది. పడవ అడుగున నీటిలోకి దించిన పలక పక్కకు జారకుండా పట్టి ఉంచుతుంది. ముందుకు లాగే బలం మాత్రమే మిగులుతుంది. కొంత దూరం ఎడమకు, కొంత దూరం కుడికి ఇలా వంకరగా సాగుతూ గాలి వచ్చే దిక్కునే చేరుకోవచ్చు.

పోటీల్లో నీటిపై తేలే బుడ్డీలను గురుతులుగా ఉంచి, వాటిని చుట్టి రావాలని నిర్దేశిస్తారు. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు చొప్పున లెక్కించి, మొత్తం మీద తక్కువ పాయింట్లు వచ్చినవారిని విజేతగా ప్రకటిస్తారు. రెండు పడవలు ఎదురుపడితే, కుడి వైపు నుంచి గాలి అందుకుంటున్న పడవకు మరొకటి దారి ఇవ్వాలి. కెరటం రంగును, నీటిపై పడే చిరు మడతలను చూసి గాలి ఎటు మారుతోందో ముందే పసిగట్టినవారిదే పైచేయి అవుతుంది. సముద్రంపై బతికే మత్స్యకారులకు పుట్టుకతో అబ్బే నేర్పు ఇదే.

పిల్లలకు ఈ విద్య నేర్పడానికి 'ఆప్టిమిస్ట్' అనే పడవను వాడతారు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దీనిని రూపొందించారు. ఎనిమిది అడుగులకు లోపే ఉండే ఈ పెట్టెలాంటి పడవను ఒక్క పిల్లవాడు నడపగలడు. పదిహేనేళ్ల లోపు వారికి ప్రపంచవ్యాప్తంగా ఇందులోనే పోటీలు జరుగుతాయి. పెద్ద పడవ ఒకటి కొనే బదులు ఇలాంటి చిన్న పడవలు పది సమకూర్చుకున్న క్లబ్ ఎక్కువ మంది క్రీడాకారులను తయారు చేయగలుగుతుంది.

వేసవి శిబిరం నుంచి ఒలింపిక్స్‌కు

మద్రాసు రేవు నీటిలో ఆ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. యాట్ క్లబ్‌తో పాటు తమిళనాడు సెయిలింగ్ సంఘం కూడా ఆ రేవులో శిక్షణ ఇస్తోంది. వేసవి సెలవుల్లో పిల్లలకు నిర్వహించే శిబిరాలు సభ్యుల కుటుంబాలకు వెలుపలి వారికి కూడా ఈ క్రీడను పరిచయం చేశాయి. చెన్నైకి చెందిన నేత్ర కుమనన్ పన్నెండేళ్ల వయసులో అటువంటి శిబిరంలోనే తెరచాప పట్టారు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించి, తెరచాప క్రీడలో ఆ ఘనత పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ పాల్గొన్నారు.

చెన్నైకే చెందిన కె.సి. గణపతి, వరుణ్ ఠక్కర్ 2018 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచి, టోక్యోకు కూడా వెళ్లారు. ఆ ఆసియా క్రీడల్లోనే వర్షా గౌతమ్, శ్వేతా షెర్వేగర్ జంట రజతం సాధించింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విష్ణు శరవణన్ కాంస్యం, భోపాల్ జాతీయ పాఠశాలలో శిక్షణ పొందిన నేహా ఠాకూర్ రజతం గెలిచారు. సముద్రం లేని మధ్యప్రదేశ్ నుంచి, ఒక రైతు కుటుంబం నుంచి వచ్చిన బాలిక పతకం గెలవడం గమనార్హం. తీరం ఉండడం కంటే శిక్షణ అందుబాటులో ఉండడం ముఖ్యమని ఈ ఫలితాలు చాటుతున్నాయి.

ప్రధాన నౌకాశ్రయంలో ఉండడం వల్ల క్లబ్‌కు ఆశ్రయంతో పాటు ఆంక్షలూ తప్పడం లేదు. భద్రతా దళాల తనిఖీ దాటకుండా రేవులోకి ఎవరూ ప్రవేశించలేరు. సరుకు ఓడల రాకపోకలకు అడ్డు రాకుండా పడవలు నడపవలసి ఉంటుంది. ఈత, ప్రాణరక్షక కవచం, వెంట నడిచే సహాయక పడవ ఇవన్నీ శిక్షణలో భాగమే.

తెలుగువారి తెరచాపలు

తెలుగునాట ఈ క్రీడకు ప్రధాన కేంద్రంగా ఎదిగింది సముద్ర తీరం కాదు, హుస్సేన్‌సాగర్. సికింద్రాబాద్‌లోని సైనిక విభాగాల ప్రోత్సాహంతో అక్కడ ఏటా వర్షాకాలంలో జాతీయ స్థాయి పోటీలు జరుగుతూ వచ్చాయి. 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద కుటుంబాల పిల్లలకు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు శిక్షణ ఇస్తోంది. ఆ క్లబ్‌లో ఎదిగిన ప్రీతి కొంగర హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో దేశం తరఫున పోటీ పడ్డారు.

నడి సముద్రంలో తెలుగు మహిళలు సాధించిన విజయం కూడా ఉంది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరిన నౌకాదళపు తెరచాప పడవ 'తారిణి'లో ఆరుగురు మహిళా అధికారులు భూగోళాన్ని చుట్టారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. సుమారు 21,600 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 40 వేల కిలోమీటర్లు ప్రయాణించి, 254 రోజుల తర్వాత 2018 మే 21న వారు గోవాకు తిరిగి వచ్చారు. వారు ప్రయాణించిన పడవ పొడవు 56 అడుగులకు మించదు.

తీరం ఉంది, తెరచాప తరుగుతోంది

ఈ చరిత్రను పులికాట్ ఒడ్డు నుంచి చూస్తే మరో సంగతి బోధపడుతుంది. 1870ల నాటి కరువు పనుల్లో తవ్వి అనుసంధానించిన బకింగ్‌హాం కాలువలో ఉప్పు, కట్టెలు, ధాన్యం నింపుకున్న పడవలు నెల్లూరు సీమ నుంచి మద్రాసుకు సాగేవి. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. రోడ్లు, రైళ్లు పెరగడం, తుపాన్లకు కాలువ పూడిపోవడంతో ఆ రాకపోకలు అంతరించాయి. పులికాట్ సరస్సులోనూ తెరచాపల చోటును ఇంజన్లు ఆక్రమించాయి. గాలి వాటం చూసి చాప కట్టగలిగిన తరం వృద్ధాప్యంలో ఉంది.

ఇంజను వల్ల మత్స్యకారుని శ్రమ తగ్గిన మాట నిజం. తెరచాపకే తిరిగి వెళ్లమని వారిని ఎవరూ కోరలేరు. కానీ తరతరాలుగా నేర్చిన విద్య క్రీడగానైనా వారి పిల్లలకు మిగలకపోతే నష్టం తీరానిదే. సైన్యంలో, నౌకాదళంలో, పోలీసు విభాగాల్లో క్రీడాకారులకు ఉద్యోగావకాశాలు ఉన్నాయి. జాతీయ పతకాలు గెలిచే తెరచాప క్రీడాకారుల్లో సైనికులు, నావికులు గణనీయంగా ఉండడానికి కారణం అదే. దాదాపు వెయ్యి కిలోమీటర్ల తీరం గల రాష్ట్రంలో మత్స్యకార గ్రామాల పిల్లలకు ఆ దారి తెరవాలంటే పెద్ద భవనాలు అవసరం లేదు. కెరటాల తాకిడి లేని కొంత నీరు, కొన్ని చిన్న పడవలు, శిక్షకుడు, సహాయక పడవ ఉంటే ప్రారంభించవచ్చని హుస్సేన్‌సాగర్ అనుభవం చెబుతోంది.

అయితే ప్రతి నీటి మడుగూ ఇందుకు తగినది కాదు. పులికాట్ సరస్సు వలస పక్షులకు విడిది. అందులో అధిక భాగం రక్షిత ప్రాంతం. వేసవిలో చాలా చోట్ల నీరు మోకాలి లోతుకు పడిపోతుంది. చేపల వేటే ఆధారంగా వేలాది కుటుంబాలు బతుకుతున్నాయి. వారి వలలకు, పక్షులకు అడ్డురాని చోటును, కాలాన్ని మత్స్యకార సంఘాలతో సంప్రదించి నిర్ణయించవలసి ఉంటుంది. చేపల రేవులు, నదీముఖాలు, పెద్ద చెరువులు ఇందుకు అనువైనవో కావో పరిశీలించవచ్చు.

మద్రాసులో సముద్రానికి గోడ కట్టిన ఏడాదే తెరచాపలకు చోటు దొరికింది. ఆ చోటు సామాన్యుల పిల్లలకు అందడానికి దశాబ్దాలు పట్టింది. అందిన తరువాత ఒక్క తరంలోనే ఆ రేవు నీటి నుంచి ఒలింపిక్ క్రీడాకారులు వచ్చారు. కట్టుమరం అనే మాటను ప్రపంచానికి అందించిన ఈ తీరంలో, ఆ తెప్ప నడిపినవారి పిల్లలకు కూడా అటువంటి అవకాశం రావడం న్యాయం.